తోతాపురి బండ్లకు టోకెన్లు

కంప్యూటర్ చదువుకునే పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికొచ్చి, "మేడం, మీ సర్వీసులో మీరు రాసిన గొప్ప ప్రోగ్రాం ఏది?" అని అడుగుతుంటారు. గొప్పది ఏదో ఒకటి ఉండి తీరుతుందని వాళ్ల నమ్మకం. నేను పనిచేసింది మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో. ఊళ్లో జనం దాన్ని జ్యూస్ ఫ్యాక్టరీ అనేవారు. అక్కడ కంప్యూటర్ సెక్షన్ అంటే జీతాల బిల్లులు, గుజ్జు డ్రమ్ముల లెక్క, ఇంకా మేనేజర్ గారి ప్రింటర్ ఎందుకు కదలడం లేదో చూడడం. ఎవరేది అడిగితే అది రాసిచ్చాను. ఎవరూ అడగకుండా, నా ఇష్టంతో రాసింది సర్వీసు మొత్తంలో ఒక్కటే. అది కూడా రిటైర్మెంట్ ముంగిట్లో, ఇద్దరు స్నేహితులతో కలిసి, మా పిల్లల వయసు వాళ్ల మధ్య కూర్చుని రెండు రోజుల్లో రాసింది. అందులో ఒక పెద్ద తప్పు కూడా ఉండింది. ఆ తప్పు గురించి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మా ఫ్యాక్టరీ రేణిగుంట దాటి పుత్తూరు పోయే దారిలో ఉండేది. తోతాపురి కోతలు మొదలయ్యాయంటే గేటు నుంచి రోడ్డు వారగా ట్రాక్టర్లు బారులు తీరేవి. ఒక బండి కాటా ఎక్కేసరికి ఒక పగలు, కొన్నిసార్లు రెండు పగళ్లు పట్టేది. రైతులు ట్రాలీల కింద పడుకునేవారు, రోడ్డు పక్కనే వండుకునేవారు. నేను స్కూటర్ మీద పొద్దున వస్తూ ఒకసారి, సాయంత్రం పోతూ ఒకసారి ఆ వరసను చూసేదాన్ని. మిగతా రోజంతా నా గదిలోనే. నా గదికి ఏసీ ఉంది గానీ కిటికీ లేదు.

ఆ వరసలో నాకు ఒళ్లు మండే సంగతి ఒకటుండేది. ఎవరో పెద్దమనిషి ఎక్కడినుంచో ఫోన్ చేస్తాడు. చివర్లో ఉన్న బండి పక్క గేటు నుంచి లోపలికి పోతుంది. ముందున్న వాళ్లు నోరు మూసుకుని చూస్తూ ఉండాలి. తిరుపతిలో పుట్టి పెరిగినదాన్ని, క్యూ అంటే ఏమిటో నాకు ఇంకొకరు చెప్పాల్సిన పని లేదు. క్యూ తప్పించి ముందుకు పోయే మనిషిని చూస్తే నాకు చిన్నప్పటి నుంచీ పడదు. మా ఇంట్లో వాళ్లు దీని మీద నన్ను ఆటపట్టిస్తారు కూడా. పెళ్లి భోజనాల దగ్గర బంతిలో ముందు కూర్చోబోయిన మా సొంత పెద్దమామను లేపినదాన్ని మరి.

ఇప్పుడు ఆ ఇద్దరు స్నేహితుల గురించి. ఒకాయన కాటా దగ్గర పనిచేసేవాడు. బండిని కాటా మీద ఎక్కించి తూకం వేసి చీటీ ఇచ్చే పని. గొంతు పెద్దది, నవ్వు అంతకన్నా పెద్దది. ఏ ఊరి ట్రాక్టర్ ఎవరిదో, ఆ డ్రైవర్ పెళ్లాం అలిగి ఏ ఊరికి పోయిందో కూడా ఆయనకు తెలుసు. రెండో ఆమె ల్యాబ్‌లో ఉండేది. అందరూ ల్యాబమ్మ అనేవారు. ప్రతి లోడులోంచీ నాలుగు కాయలు తీసి కోసి చూసి, తీసుకోవచ్చు అనో, వద్దు అనో రాయడం ఆమె పని. ఆమె వద్దంటే ఆ బండి వచ్చిన దారినే పోవాలి. నోట్లో నాలుక లేనట్టు ఉంటుంది గానీ, ఆ మాట విషయంలో మేనేజర్ చెప్పినా వినేది కాదు. సత్యవేడు పక్క పల్లె వాళ్లది. పిల్లల చదువు కోసం రేణిగుంటలో కాపురం పెట్టారు. భర్త వారంలో సగం రోజులు తోట దగ్గరే ఉండేవాడు. మేం ముగ్గురం ఏళ్ల తరబడి మధ్యాహ్నం ఒకే బల్ల దగ్గర క్యారియర్లు విప్పుకున్న వాళ్లం. ఆమె తెచ్చే పుంటికూర పప్పు కోసం నేను నా వంకాయ కూరను సిగ్గు లేకుండా మార్పిడి చేసుకునేదాన్ని.

ఒకరోజు ఆ బల్ల దగ్గరే కాటా ఆయన ఫోన్లో ఒక ప్రకటన చూపించాడు. ఏర్పేడు దగ్గర ఒక కాలేజీలో శని, ఆదివారాలు ప్రోగ్రామింగ్ పోటీ. పిల్లలు హ్యాకథాన్ అంటారు దాన్ని. మీ ఊరి సమస్య ఒకటి తీసుకుని, రెండు రోజుల్లో దానికి వెబ్‌యాప్ కట్టి చూపించాలి. ముగ్గురు ఉండాలి. వయసు నిబంధన లేదు. నిజంగా జనం వాడుతున్నట్టు చూపించగలిగితే ఎక్కువ మార్కులు.

"పోదాం మేడం," అన్నాడు. "మహా అయితే నవ్వతారు. మనం నవ్వులపాలు కావడం ఇది మొదటిసారి కాదు గదా."

"నాకు ఈ వయసులో పోటీలేమిటప్పా" అన్నాను గానీ, అప్పటికే నా మనసు ట్రాక్టర్ల వరస మీదికి పోయింది. ఫోన్లోనే టోకెన్ తీసుకుంటారు. నంబర్ దగ్గర పడేదాకా నీడపట్టున కూర్చుంటారు. గేటు దగ్గర వాచ్‌మన్ ఫోన్లో ఏ నంబర్ పచ్చగా కనిపిస్తే ఆ బండే లోపలికి. మేనేజర్ అయినా, మంత్రి మనిషయినా ఆ వరసను మార్చలేడు. దేవుడొచ్చినా చివర్లోనే నిలబడాలి.

ల్యాబమ్మ ఒకప్పుడు వెబ్ పేజీలు చేసే కోర్సు చేసింది. "పేజీలు నేను చేస్తానక్కా" అంది చిన్నగా. ఆ మాటతో మా జట్టు కుదిరింది. ఆదివారం ఒక్కరోజు అసలు వరస మీదనే పరీక్ష చేసుకోవడానికి మేనేజర్ గారిని అడిగాం. ఆయన చాలాసేపు మా ముగ్గురి ముఖాలూ చూసి, "సరే, కొంపలు మునక్కుండా చూసుకోండి" అన్నాడు.

శనివారం పొద్దున ఆ హాల్లోకి పోయేసరికి అక్కడున్న పిల్లలు మేం న్యాయనిర్ణేతలం అనుకుని లేచి నిలబడ్డారు. కాటా ఆయన "కూర్చోండి, కూర్చోండి" అని అందరినీ కూర్చోబెట్టి, పోయి వాళ్ల మధ్యనే కుర్చీ లాక్కున్నాడు. పక్క బల్ల పిల్లలు మా పాత ల్యాప్‌టాప్ చూసి నవ్వు ఆపుకున్నారు. తర్వాత వాళ్లే దానికి ఛార్జర్ కూడా ఇచ్చారు.

పనిలో పడ్డాక నాకు వయసు గుర్తు రాలేదు. నేను రాస్తుంటే ల్యాబమ్మ పేజీలు చేసేది, కాటా ఆయన పక్కన కూర్చుని రైతులా ప్రశ్నలు వేసేవాడు. "ఈడ నొక్కితే ఏమైతాది? నా ఫోన్లో బ్యాటరీ లేకుంటే? నేను టోకెన్ తీసుకుని వేరే ఫ్యాక్టరీకి పోతే?" ఆ చివరి ప్రశ్న కోసమే టోకెన్ రద్దు చేసుకునే బటన్ ఒకటి పెట్టాం. నాకది ఇష్టం లేదు. వరసలో నిలబడ్డవాడు నిలబడాలి అని నా వాదం. పోయేవాణ్ణి పట్టుకుని ఏం చేస్తావు మేడం అని ఆయన వాదం. సాయంత్రం హాలు మూసేసరికి యాప్ తయారైంది. దానిలో నాకు బాగా నచ్చింది ఒక్కటే: ఒకసారి టోకెన్ పడ్డాక ముందుకు జరపడానికి ఎవరికీ దారి లేదు, నాతో సహా. ఇంటికి పోయేటప్పుడు తన కారులో ఈ సంగతి నేను మూడుసార్లు చెప్పానని కాటా ఆయన లెక్కపెట్టి మరీ చెప్పాడు. కాకిపిల్ల కాకికి ముద్దు, ఏం చేస్తాం.

ఆదివారం పొద్దున గేటు దగ్గర వాచ్‌మన్ బండి బండికీ తిరిగి టోకెన్లు తీయించాడు. ఏర్పేడు హాల్లో మా తెర మీద నంబర్లు ఒకదాని కింద ఒకటి పడుతుంటే ముగ్గురం పసిపిల్లల్లా చూస్తూ కూర్చున్నాం. ఊరు, ట్రాక్టర్ నంబర్, ఫోన్ నంబర్. పచ్చ నంబర్ వచ్చిన బండి లోపలికి పోతోంది, తర్వాతి నంబర్ పచ్చబడుతోంది. వాచ్‌మన్ ఫోన్ చేసి, "బాగుండాది సార్, జనమంతా టీ అంగడి కాడ నీడలో కూసున్నారు" అన్నాడు. కాటా ఆయన నా భుజం తట్టబోయి, మళ్లీ మర్యాద గుర్తొచ్చి బల్లను తట్టాడు.

ల్యాబమ్మ మాత్రం తెర మీద ఒకచోట చూపు నిలిపి ఉండిపోయింది. తలనొప్పా అని అడిగాను. "ఏం లేదక్కా" అంది. మధ్యాహ్నం క్యారియర్ విప్పలేదు.

భోజనాలయ్యాక వాచ్‌మన్ మళ్లీ ఫోన్ చేశాడు. ఈసారి గొంతులో ఇబ్బంది ఉంది. "సార్, ఈడ ఒక బండిని ముందుకు పంపమంటాండారు. ఫోన్‌లో ఆ నంబర్ పచ్చగా రాలే. నేనేం చేసేది?"

"ఎవరు పంపమన్నారు?" అని నేను మధ్యలో అందుకున్నాను. "ఎవరి మనిషి?"

"ఎవరి మనిషీ కాదు మేడం. వరసలో ఉండే వాళ్లే పంపమంటాండారు."

నాకది నమ్మబుద్ధి కాలేదు. వరసలో ముందున్నవాడు వెనకున్నవాణ్ణి ముందుకు పంపమనడమేమిటి? ఎవడో బెదిరించి ఉంటాడు, లేకపోతే చెవిలో పువ్వు పెడుతున్నారు. "కుదరదు. పచ్చ నంబర్ వస్తేనే" అని చెప్పేశాను. ల్యాబమ్మ నా వైపు చూడకుండా, "అవునక్కా. ఒకరికి చేస్తే అందరూ అడగతారు" అంది.

కాటా ఆయన మాత్రం ఫోన్ పట్టుకుని బయటికి పోయాడు. కాసేపటికి తలుపు దగ్గర నిలబడి నన్ను రమ్మని సైగ చేశాడు. వరండాలో నీళ్ల క్యాన్ పక్కన నిలబడి, ఎప్పుడూ లేనంత మెల్లగా చెప్పాడు.

"అది ల్యాబమ్మ వాళ్లాయన బండి మేడం. కాయ పండిపోతాండాదంట."

అప్పుడు ఆయన ఇంకొక సంగతి కూడా చెప్పాడు. అది విన్నాక నాకు నిలబడ్డచోటే కోపమొచ్చింది. మా గేటు దగ్గర ఎప్పటినుంచో ఒక పద్ధతి ఉందట. వరసలో ఏ బండిలోనైనా కాయ పండు వాసన వేస్తే, ముందున్న పచ్చికాయల వాళ్లు బండ్లు పక్కకు తీసి దాన్ని ముందుకు పోనిస్తారు. ఎవరూ అడగక్కర్లేదు. ఈరోజు నాకు, రేపు నీకు. పచ్చికాయ ఇంకో రోజు ఆగుతుంది, పండిన కాయ ఆగదు.

"ఇది నిన్ననే చెప్పుంటే ఏం పోయింది నీకు?" అన్నాను.

"చెప్పే సంగతి అనుకోలేదు మేడం," అన్నాడు తల గోక్కుంటూ. "అందరూ చేసేదే గదా. అన్నం తినేటప్పుడు నోరు తెరవాలని ఎవరన్నా చెప్తారా?"

ఆయన్ను అని లాభం లేదు. అన్నేళ్లు ఆ గేటు ముందు నుంచే స్కూటర్ మీద పోయాను. పెద్దమనుషుల బండ్లు పక్క గేటులో దూరడం ఒక్కటే నా కంటపడింది. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

లోపలికి పోయి ల్యాబమ్మ పక్కన కూర్చున్నాను. "మీ ఆయన బండి అని ఎందుకు చెప్పలేదే?" అన్నాను.

ఆమె తెర మీద ఒక నంబర్ చూపించింది. "పొద్దున్నే చూసినా అక్కా. మా కాయ ఏ సంవత్సరమూ ఈడికి తేలే. తేవద్దని నేనే చెప్పిన్యా. ఈసారి చిత్తూరు పక్క ఫ్యాక్టరీ వాళ్లు కొనడం నిలిపేసినారు. కోసిన కాయ ఏం చేసేది? నాకు చెప్పకుండానే తెచ్చేసినాడు. దారిలో టైరు పోయి ఒక పగలంతా ఎండలోనే ఉండాది ఆ లోడు."

"ఈరోజు లోపలికి పోతే?"

"పోతే సరిపోతాది. ఈ షిఫ్టులో ఉండే ఆయన చూసి ఏదో ఒకటి రాస్తాడు. పోకుంటే రేపు పొద్దున నా షిఫ్టు. రేపటికి ఆ కాయ ఉండదు. నా చేత్తో నేనే వద్దని రాయాల." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "తోట మొత్తంలో ఈ యేడు కాసింది ఆ ఒక్క లోడే."

నేను ల్యాప్‌టాప్ నా వైపు తిప్పుకున్నాను. ఎవరికీ దారి లేదని గొప్పలు చెప్పుకున్నాను గానీ, రాసినదాన్ని నేను. లోపలికి దూరి ఒక అంకె మార్చడం నాకు చిటికెలో పని. దేవుడొచ్చినా అన్నాను, స్నేహితురాలు వస్తుందని అనుకోలేదు. మీరు నవ్వుకుంటే నవ్వుకోండి. ఆ క్షణంలో నా నియమాలన్నీ ఎటుపోయాయో నాకు తెలియదు. ఆమె కూడు తినకుండా పొద్దున నుంచీ ఆ తెర చూస్తూ కూర్చున్న సంగతి ఒక్కటే నా కళ్లముందుంది.

ల్యాబమ్మ నా మణికట్టు పట్టుకుంది. "వద్దక్కా."

"ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలస్తాది. ఇన్నేండ్లు ఎంతమంది లోడ్లు తిప్పి పంపించినా అక్కా. ఏడ్సినోళ్లున్నారు, తిట్టినోళ్లున్నారు. ల్యాబమ్మ మొగుడు ముందు పొయినాడంట అంటే వాళ్లందరికీ నేను ఏ మొగం పెట్టుకుని కాయ కోసేది?"

వంతు ఇచ్చిపుచ్చుకునే బటన్ ఒకటి అప్పటికప్పుడు పెడదామన్నాను. దానికీ ఒప్పుకోలేదు. అది మా కోసం పెట్టినట్టే అయితాది అంది. ఆమె చెప్పింది న్యాయంగానే ఉంది. నా న్యాయం నాకే ఎదురు తిరిగి అంత నొప్పి పెడుతుందని అంతకుముందు నాకు తెలియదు. ఆమె చెయ్యి నా మణికట్టు మీదే ఉంది, నేను దాన్ని తీయలేదు. అంతలో మైకులో మా జట్టును పిలిచారు.

వేదిక మీద ముగ్గురు న్యాయనిర్ణేతలు. మధ్యలో కూర్చున్న ప్రొఫెసర్ గారు సూటిగా మాట్లాడే మనిషి. కాటా ఆయన మైకు తీసుకుని ట్రాక్టర్ల వరస గురించి మొదలుపెట్టాడు. వెనక పెద్ద తెర మీద మా యాప్ నడుస్తోంది, అసలు వరస, అసలు బండ్లు. నేను ల్యాప్‌టాప్ దగ్గర, నా పక్కన ల్యాబమ్మ. ఆయన "ఈ యాప్ వల్ల రైతులు చాలా సంతోషంగా ఉండారు" అంటున్నప్పుడు తెర మీద ఒక టోకెన్ ఎర్రబడింది. రద్దు. మరికాసేపటికి ఇంకొకటి. ఆ కిందిది. దాని కిందిది.

హాల్లో మొదట ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత అందరూ నవ్వారు. కాటా ఆయన వెనక్కి తిరిగి చూసి మాట మింగేశాడు. ప్రొఫెసర్ గారు కళ్లజోడు సవరించుకుని, "మీ యాప్ నచ్చక జనం వెళ్లిపోతున్నట్టున్నారే" అన్నారు.

ఎక్కడో పొరపాటు రాశాను, అందరి టోకెన్లూ పోతున్నాయి, ఎండలో నిలబడ్డ జనానికి ఇంకో కష్టం తెచ్చిపెట్టాను అనుకున్నాను. తప్పు వెతకడానికి వరస చివరికి దిగి చూశాను. అక్కడ కొత్త టోకెన్లు పడుతున్నాయి. ట్రాక్టర్ నంబర్లు చూశాను. ఇప్పుడే రద్దయిన బండ్లవే. ముందు ఎర్రబడ్డ బండి చివరికొచ్చి మళ్లీ నిలబడుతోంది. అందరూ కాదు. మధ్యలో ఒకటి రెండు టోకెన్లు కదలకుండా ఉన్నాయి, వాళ్ల కాయ కూడా పండుతూ ఉండి ఉంటుంది. మిగతావి పోతున్నాయి. వాటి వెనకున్న ల్యాబమ్మ వాళ్ల సత్యవేడు బండి ఒక్కొక్క మెట్టూ పైకి వస్తోంది.

నాకంటే ముందే ల్యాబమ్మకు అర్థమైంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

కాటా ఆయన వేదిక మీదే వాచ్‌మన్‌కు ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టి మైకు దగ్గర పట్టుకున్నాడు. "ఏందప్పా ఆడ? టోకెన్లు ఎందుకు రద్దు చేస్తాండారు?"

వాచ్‌మన్ ఏదో చెప్పబోతుంటే, పక్కనుంచి ఒక ముసలి గొంతు ఫోన్ అందుకుంది. నారాయణవనం పక్క నుంచి ఏటా కాయ తెచ్చే ఒక పెద్దాయన.

"ఎవరబ్బా మాట్లాడేది, కాటా నాయనేనా? మీ ఫోను మంచిదే గానీ దానికి ముక్కు లేదు. ఈ బండి కాడికొస్తే ఎట్లా వాసనొస్తాండాదో సూడు. రేపటికి ఇది నిలవదు. మా కాయ ఇంకా రాయి మాదిరి ఉండాది. వంతు ఇస్తామంటే మీ వాచ్‌మన్ ఫోను ఒప్పుకోదంటాడు. ఇయ్యనీకపోతే ఏం, ఇడిసిపెట్టేది మా చేతిలోనే ఉండాది గదా. ఇడిసిపెట్టినాం. మళ్లా ఎనక్కి పోయి నిలబడినాం."

కాటా ఆయన ఒకసారి ల్యాబమ్మ వైపు చూసి, "ఆ బండి ఎవరిదో తెలుసునా పెద్దాయనా?" అని అడిగాడు. ఆ ప్రశ్న ఎందుకు అడిగాడో అని నాకు ప్రాణం పోయినంత పనైంది.

"తెలీకేం. ల్యాబమ్మ ఇంటాయనది. పోయినేడు నా లోడు తిప్పి పంపింది ఆ తల్లే. నేను తెచ్చింది కుళ్లిన కాయ, తిప్పింది. దానికీ దీనికీ ఏం సంబంధం? ఎవురిదైతే ఏం అబ్బా, కాయ కాయే గదా."

ల్యాబమ్మ కుర్చీలో కూర్చుని ఏడ్చింది. చప్పుడు లేకుండా, ముఖం దాచుకోకుండా ఏడ్చింది. నేను ఆమె వీపు మీద చెయ్యి వేశాను. నేనూ ఏడ్చాను, అందులో దాచేదేముంది. కాటా ఆయన మైకు పట్టుకుని ఏం మాట్లాడాలో తెలియక నిలబడడం నేను జీవితంలో చూసింది అదొక్కసారే.

ప్రొఫెసర్ గారు మా ముగ్గురిలో ఎవరైనా జవాబు చెప్పండన్నట్టు, "మరి ఈ సంగతి మీ యాప్‌లో ఎందుకు లేదు?" అని అడిగారు.

నేను లేచి నిలబడ్డాను. "మాకు తెలియలేదండి. తెలిసిన వాళ్లు చెప్పలేదు. చెప్పాల్సిన సంగతని వాళ్లు అనుకోలేదు" అన్నాను. "ముందుకు తోసుకునే వాళ్లను ఆపడానికి ఇది రాశాను. పక్కకు తప్పుకునే వాళ్లు ఉంటారని నాకు తోచలేదు."

ప్రొఫెసర్ గారు తల ఊపి ఏదో రాసుకున్నారు. ఏం రాసుకున్నారో తెలియదు గానీ మాకు బహుమతి రాలేదు. మొదటి బహుమతి మాకు ఛార్జర్ ఇచ్చిన పిల్లలకే వచ్చింది. వాళ్ల యాప్ నిజంగానే బాగుంది. మేం గట్టిగా చప్పట్లు కొట్టాం. పోయేటప్పుడు ఆ జట్టులోని అమ్మాయి వచ్చి ల్యాబమ్మ చేతిలో ఒక నీళ్ల సీసా పెట్టి పోయింది.

ఆ తర్వాత వారం మా యాప్‌లో వంతు ఇచ్చే బటన్ పెట్టాం. దాని మీద ఏ మాట రాయాలో ల్యాబమ్మను అడిగితే, "నువ్వు ముందు పో" అని రాయమంది. పక్క గేటు పెద్దమనుషులకు దానివల్ల ఉపయోగం లేదు, ఎందుకంటే ముందున్నవాడు తన ఫోన్లో తానే నొక్కాలి. బెదిరించి నొక్కించే వాళ్లు ఉండరా అంటే ఉంటారు. దాని మీద మేనేజర్‌తో నేను రిటైరయ్యేదాకా గొడవ పడ్డాను, అది వేరే కథ. పిల్లలూ, మీకు నేను చెప్పగలిగిన సాంకేతిక సలహా ఒకటే ఉంది. మీరు ఎవరికోసం రాస్తున్నారో వాళ్ల దగ్గరికి పోయి, వాళ్లు చెప్పినవన్నీ విన్నాక, ఇంకొక పూట ఊరికే కూర్చుని చూడండి. వాళ్లు చెప్పనిది అప్పుడు కనిపిస్తుంది. నా గదికి కిటికీ లేదని చెప్పాను గదా. తలుపు ఉంది. లేచి పోవచ్చు. నేను పోలేదు.

ఆ ఆదివారం సాయంత్రం కాటా ఆయన కారును ఎవరి ఇంటి వైపూ తిప్పకుండా నేరుగా ఫ్యాక్టరీకే పోనిచ్చాడు. మేం పోయేసరికి సత్యవేడు బండి కాటా దిగి, ఖాళీ ట్రాలీతో బయటికి వస్తోంది. లోడు తీసుకున్నారు. ల్యాబమ్మ భర్త స్టీరింగ్ మీద నుంచి ఆమెను చూసి, తిట్లు తినబోయేవాడిలా తల వంచుకున్నాడు. ఆమె "నువ్వు పద, వస్తా" అని మాత్రం చెప్పి, వరస చివరికి నడిచింది. నేనూ కాటా ఆయనా ఆమె వెనకే పోయాం.

వరస చివర ఆ పెద్దాయన తన ట్రాలీ నీడలో తుండుగుడ్డ పరుచుకుని కూర్చున్నాడు. వంతు వదిలేసిన మిగతా వాళ్లు చుట్టూ బీడీలు కాల్చుకుంటూ ఉన్నారు. ల్యాబమ్మ వాళ్ల ముందు నిలబడింది. మన వైపు ఇలాంటి వాటికి థ్యాంక్స్ అని ఎవరూ అనరు, అంటే పరాయి చేసినట్టు ఉంటుంది.

పెద్దాయనే అడిగాడు. "ఏందమ్మా, పోటీకి పొయినారంటనే. ఏమైంది?"

"గెలిచినాం పెద్దాయనా" అంది ల్యాబమ్మ.

నేనూ కాటా ఆయనా ఒకరి ముఖం ఒకరు చూసుకుని ఊరుకున్నాం.

"మంచిది తల్లీ. మళ్లా టోకెన్ తీసుకున్నా గానీ, నా నంబరు యాడుండాదో ఈ కండ్లకు అగపడలే. కొంచెం సూసి చెప్పు."

ఆమె ఆయన పక్కనే నేల మీద కూర్చుని ఫోన్ తీసుకుంది. వేలితో కిందికి జరుపుకుంటూ పోయి, ఆయన నంబర్ దగ్గర ఆగింది. "రేపు పొద్దున వస్తాది మీ వంతు," అంది. "రేపు నా షిఫ్టే."

పెద్దాయన ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. "నీ షిఫ్టా? అట్లయితే నా కాయ బాగా కోసి సూడు తల్లీ. మొగమాటం పెట్టుకోబాక."

"పెట్టుకోను" అంది ల్యాబమ్మ.